పెద్ద టోర్నమెంట్‌లో ఏ డెక్‌లు పైకొస్తాయో ముందే ఎలా అంచనా వేస్తారు?

చివరిరౌండ్:
నేను మ్యాజిక్ అనే కార్డుల ఆట ఆడతాను. ఇందులో ఎవరి డెక్, అంటే కార్డుల కట్ట, వాళ్ళే కట్టుకుని తెస్తారు. గత మూడు పెద్ద టోర్నమెంట్లకు ముందురోజు రాత్రి కూర్చుని, టాప్ 8లో ఏ ఎనిమిది డెక్‌లు ఉంటాయో కాగితం మీద రాసిపెట్టుకున్నాను. మొదటిసారి మూడు సరిపోయాయి. రెండోసారి రెండు. పోయినసారి ఒక్కటే.

ఊరికే నోటికొచ్చినట్టు రాసినవి కావు అవి. ఆన్‌లైన్‌లో వచ్చే లిస్టులు రోజూ చదువుతాను, ప్రధాన డెక్‌లన్నీ స్వయంగా ఆడి చూస్తాను. అయినా ఆడేకొద్దీ గురి ఇంకా తప్పుతోందంటే, చూడాల్సినదాన్ని నేను చూడటం లేదనే అర్థం. ఏ డెక్ బలమైనదో చెప్పమని అడగడం లేదు. ఏం చూసి అంచనా వేస్తారు, దేన్ని నమ్మరు, ఎక్కడ దెబ్బతిన్నారు, ఇవి చెప్పండి. ఏ గేమ్ ఆడేవాళ్ళయినా సరే.

నిప్పుడెక్:
నా అనుభవంలో ఒక్క సూత్రం బాగా పనిచేసింది. కొత్త సెట్ (కొత్త కార్డుల విడత) వచ్చిన తొలివారమైతే వేగంగా కొట్టే డెక్‌ని పైన రాసుకోండి. కంట్రోల్ (ఎదుటివాడి ఆటని అడ్డుకుంటూ నెమ్మదిగా గెలిచే డెక్) ఆడేవాడికి ఎదుటివాడు ఏం తెస్తాడో తెలియాలి, తెలిస్తేనే దానికి సరైన జవాబులు పెట్టుకోగలడు. కొట్టేవాడికి ఆ బాధ లేదు. తన లెక్క తనది: ఎన్నో టర్న్‌లో ఎదుటివాడి 20 లైఫ్ అయిపోతుంది, అంతే. నెల గడిచి అందరి డెక్‌లూ అందరికీ తెలిశాక ఈ సూత్రం చెల్లదు.

లెక్కలమాస్టారు:
చివరిరౌండ్ గారూ, ముందు ఒక మాట తేల్చుకోవాలి. "పైకి రావడం" అంటే మీ ఉద్దేశంలో ఏమిటి? టాప్ 8లో ఎక్కువసార్లు కనపడటమా, ఆడినవాళ్ళలో ఎక్కువమందిని పైకి తీసుకురావడమా? ఈ రెండూ ఒకటి కావు. చాలామంది అంచనా ఇక్కడే చెడిపోతుంది.

లెక్క వేసి చూపిస్తాను. అంకెలు ఉదాహరణ కోసం నేను అనుకున్నవి. 100 మంది ఆడే టోర్నమెంట్, 8 రౌండ్ల స్విస్ (ఓడినా బయటికి పంపకుండా, దాదాపు సమానంగా గెలిచినవాళ్ళను జత కలిపే పద్ధతి), 6 గెలిస్తే పైకి వెళ్తారనుకుందాం. ప్రతి మ్యాచ్ గెలిచే అవకాశం సరిగ్గా 50 శాతం ఉన్నవాడు 6 లేదా అంతకంటే ఎక్కువ గెలిచే అవకాశం సుమారు 14 శాతం. 55 శాతం ఉన్నవాడికి 22. 60 శాతం ఉన్నవాడికి 32.

ఇప్పుడు ఒక మామూలు డెక్‌ని 30 మంది తెచ్చారు, దాని బలం 50 శాతం. నిజంగా గొప్ప డెక్‌ని ముగ్గురే తెచ్చారు, దాని బలం 60 శాతం. పైకి వచ్చేవాళ్ళలో మామూలు డెక్ వాళ్ళు సగటున నలుగురు పైచిలుకు ఉంటారు, గొప్ప డెక్ వాళ్ళు ఒక్కరు. మీరు పైకి వచ్చినవాళ్ళను చూసి మామూలు డెక్ బలమైనదని అనుకుంటారు. నిజానికి అది బలమైనది కాదు, మంది ఎక్కువ.

ఇందులోనే ఇంకో సంగతి ఉంది. 55 శాతం అంటే చాలా మంచి డెక్. అలాంటి డెక్ చేతిలో ఉన్నా ఐదుగురిలో నలుగురు పైకి రారు. అందుకని "ఫలానా డెక్ వస్తుందన్నాను, రాలేదు" అన్న ఒక్క ముక్కతో మీ అంచనా తప్పని చెప్పలేం.

కొత్తచేయి:
మాస్టారూ, అంటే బలం కంటే ఎంతమంది ఏ డెక్ తెస్తారన్నదే ముందు చూడాలా? అది ఎలా తెలుస్తుంది? అక్కడ కూర్చునేదాకా ఎవరూ చెప్పరు కదా.

లెక్కలమాస్టారు:
అవును, ముందు అదే. ఎలా తెలుస్తుందో మాత్రం టోర్నమెంట్లలో ఏళ్ళ తరబడి కూర్చున్నవాళ్ళు నాకంటే బాగా చెబుతారు.

పాతకాపు:
నేను చెబుతాను, ఎక్కువ రాస్తే ఓపిక పట్టండి.

బరిలో ఎవరు ఏం తెస్తారో చెప్పాలంటే కార్డుల కంటే ముందు మనుషుల గురించి ఆలోచించాలి. చాలామంది పోయిన నెల ఆడిన డెక్‌నే మళ్ళీ తెస్తారు. దానికి రెండు కారణాలు. ఒకటి, చేతిలో ఉన్న కార్డులు అవే. రెండు, టెన్షన్‌లో ఉన్నప్పుడు చెయ్యి తిరిగిన డెక్కే భరోసా ఇస్తుంది. ఆన్‌లైన్‌లో ఒక కొత్త డెక్ మూడు రోజుల్లో అందరి నోటా నానవచ్చు, కానీ బల్లల దగ్గరికి అది చేరడానికి వారాలు పడుతుంది. నేను అంచనా వేసేటప్పుడు ఆన్‌లైన్ వాటాని సగానికి తగ్గించి, ఆ తగ్గిన సగాన్ని పాత డెక్‌లకు పంచుతాను. ఇదేమీ శాస్త్రం కాదు, ఎన్నోసార్లు దెబ్బతిన్నాక కుదిరిన అలవాటు.

ఇంకోటి, ఆన్‌లైన్ లిస్టులు చదివేటప్పుడు జాగ్రత్త. మ్యాజిక్ ఆన్‌లైన్ లీగుల్లో అయిదుకి అయిదు గెలిచినవని ప్రచురించే లిస్టులు ఉన్నవన్నీ కావు. ఒకదానితో ఒకటి దగ్గరగా ఉన్నవాటిని వదిలేసి, వేరువేరుగా ఉన్నవాటిని ఏరి పెడతారు. ఒక డెక్ పదిసార్లు గెలిచినా ఒక్కసారే కనపడవచ్చు. ఎప్పుడో ఒక్కసారి గెలిచిన వింత డెక్ కూడా దాని పక్కనే అంతే చోటు తీసుకుని కూర్చుంటుంది. ఏ డెక్‌లు బతికి ఉన్నాయో తెలుసుకోవడానికి ఆ పేజీ పనికొస్తుంది. ఏది ఎంత ఉందో కొలవడానికి పనికిరాదు. చివరిరౌండ్, నువ్వు దాన్నే కొలబద్దగా పెట్టుకున్నావేమో ఒకసారి చూసుకో.

చివరిరౌండ్:
నిజం అన్నా. సరిగ్గా అదే చేశాను. ఆ పేజీలో ఎన్నిసార్లు కనపడితే అంత వాటా అని లెక్కేసుకున్నాను.

ఆరోబహుమతి:
నాది పోకేమాన్. మా గేమ్‌లో జరిగిన రెండు సంగతులు చెబుతాను, ఈ చర్చకు బాగా సరిపోతాయి.

2022లో ప్రపంచ పోటీలు లండన్‌లో జరిగాయి. అప్పటి ప్రధాన డెక్‌లలో పాల్కియా వీస్టార్ ఒకటి. నీటి రకం, మెరుపుకి బలహీనం. పెద్దల విభాగంలో గెలిచిన డెక్ ఆర్సియస్ వీస్టార్, ఫ్లయింగ్ పికాచు వీమ్యాక్స్ కలిపినది. పికాచు మెరుపు రకం. కొడితే పాల్కియాకి రెట్టింపు దెబ్బ. పైగా ఫ్లయింగ్ పికాచు దాడి చేశాక తర్వాతి టర్న్‌లో బేసిక్ (ఇంకా పై రూపానికి ఎదగని) పోకేమాన్లు దాన్ని ఏమీ చేయలేవు. ఎక్కువమంది ఏం తెస్తారో ఊహించి, సరిగ్గా దానికి విరుగుడు తెచ్చారన్నమాట.

2024లో హోనొలులులో ఐరన్ థార్న్స్ ఈఎక్స్‌తో చిలీ ఆటగాడు గెలిచాడు. ఆ కార్డు ముందు స్థానంలో ఉన్నంతసేపు రూల్ బాక్స్ ఉన్న పోకేమాన్లకు (వీస్టార్, ఈఎక్స్ లాంటి బలమైన కార్డులకు), ఫ్యూచర్ రకం తప్ప, ఎబిలిటీలు, అంటే కార్డు మీద రాసి ఉన్న ప్రత్యేక శక్తులు, పనిచేయవు. అప్పటి పెద్ద డెక్‌లలో చాలావాటి నడక అలాంటి ఎబిలిటీల మీదే. లుగియా వీస్టార్ తన వీస్టార్ ఎబిలిటీ వాడలేదు, పిడ్జాట్ ఈఎక్స్ డెక్‌లోంచి కార్డు వెతికి తీయలేదు. మొదటి టర్న్‌లోనే ఎదుటివాడి ఇంటికి తాళం వేసినట్టు.

ఈ రెండింటినీ ముందే చెప్పగలిగేవాళ్ళమా అంటే, "ఐరన్ థార్న్స్ గెలుస్తుంది" అని ఖాయంగా చెప్పడం అసాధ్యం. కానీ "ఈ బరిలో సగానికి పైగా డెక్‌లకు ఒకే బలహీనత ఉంది, దాన్ని పట్టుకునే డెక్ ఒకటి పైకి రావచ్చు" అని చెప్పడం సాధ్యమే. నేను అంచనా వేసేటప్పుడు డెక్‌ల పేర్లకంటే ముందు పెద్ద డెక్‌లన్నిటికీ ఉమ్మడిగా ఉన్న బలహీనత ఏమిటో రాసుకుంటాను.

నిప్పుడెక్:
తాడిదన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడని సామెత ఉంది కదా. విరుగుడుకీ విరుగుడు ఉంటుంది. అది ఎక్కడ ఆగుతుంది? నేను ఒకసారి అందరూ పెద్ద డెక్‌కి విరుగుడు తెస్తారనుకుని, ఆ విరుగుడుకి విరుగుడు పట్టుకుని వెళ్ళాను. అక్కడ చూస్తే అందరూ ఆ పెద్ద డెక్కే తెచ్చారు. నాలుగు రౌండ్లలో మూడు ఓడిపోయి బయటికి వచ్చేశాను.

పాతకాపు:
తమ్ముడూ, అది చాలామందికి జరిగేదే. మనం నాలుగు మెట్లు ముందుకు ఆలోచిస్తాం, బరిలో ఎక్కువమంది మొదటి మెట్టు మీదే ఉంటారు. ఒక మెట్టు ముందుకు ఆలోచించు, చాలు. రెండో మెట్టు ఎక్కాలంటే అక్కడికి వచ్చేవాళ్ళంతా నెలల తరబడి టెస్టింగ్ చేసిన ఆటగాళ్ళై ఉండాలి.

లెక్కలమాస్టారు:
ఆ మెట్ల సంగతే అంకెల్లో చూపిస్తాను. మూడే డెక్‌లు ఉన్నాయనుకోండి: పరుగు, అడ్డు, నెమ్మది. అడ్డు డెక్ పరుగు డెక్‌ని 60 శాతం ఓడిస్తుంది, నెమ్మది డెక్ అడ్డు డెక్‌ని 60 శాతం ఓడిస్తుంది, పరుగు డెక్ నెమ్మది డెక్‌ని 60 శాతం ఓడిస్తుంది. తనలాంటి డెక్కే ఎదురైతే 50.

బరిలో పరుగు 50 శాతం, అడ్డు 20, నెమ్మది 30 ఉంటే సగటు గెలుపు ఇలా ఉంటుంది: పరుగు 51, అడ్డు 52, నెమ్మది 47. అదే బరి పరుగు 30, అడ్డు 40, నెమ్మది 30 అయితే పరుగు 49, అడ్డు 50, నెమ్మది 51. డెక్‌లు మారలేదు, కార్డులు మారలేదు. వచ్చినవాళ్ళ పంపకం మారింది, ఆఖర్న ఉన్న డెక్ ముందుకొచ్చింది.

తేడాలు ఎంత చిన్నవో కూడా చూడండి. 47 నుంచి 52 లోపే అంతా. ఒక డెక్ ఇంకో డెక్‌కి 60 శాతం విరుగుడైనా, బరి మొత్తం మీద చూస్తే దక్కేది ఒకటి రెండు శాతమే. అందుకే సరైన విరుగుడు తెచ్చినా ఎక్కువసార్లు గెలుపు చేతికి రాదు.

నిప్పుడెక్:
లెక్క బాగుంది మాస్టారూ, కానీ ఆ 60 అనే అంకె మీదే నా గొడవ. అది ఎక్కడ నుంచి వచ్చింది? ఎవరు ఆడితే వచ్చింది? ఇద్దరు స్నేహితులు ఇంట్లో కూర్చుని 20 గేమ్‌లు ఆడి, 12 గెలిచి, "ఈ మ్యాచప్ 60-40" అని రాసేస్తారు. అందులో ఒకడికి ఆ డెక్ ఆడటమే రాదు. నేను అలాంటి పట్టికలు నమ్మి రెండేళ్ళు నష్టపోయాను.

లెక్కలమాస్టారు:
మీ గొడవ న్యాయమైనదే. 20లో 12 గెలిస్తే అసలు బలం సుమారు 39 నుంచి 78 శాతం మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. ఆ డెక్ ముందంజలో ఉందని కూడా చెప్పలేం. 200లో 120 గెలిస్తే ఆ పరిధి 53 నుంచి 67కి వస్తుంది. అప్పుడు కనీసం ఎవరిది పైచేయో తెలుస్తుంది. నేను అంకెని వదిలేసి మూడు మాటలే వాడతాను: మంచిది, సమానం, చెడ్డది. లెక్కలో వాటికి 57, 50, 43 పెట్టుకుంటాను. మనకు తెలిసినది అంతవరకే.

అదనపుడెక్:
యు-గి-ఓ వైపు నుంచి ఒక మాట. వేరే చోట వచ్చిన ఫలితాలను చూసి అంచనా వేసేవాళ్ళు నిబంధనలు ఒకటేనా అని ముందు చూసుకోవాలి. మా గేమ్‌లో జపాన్ వైపు నిషేధాల జాబితా వేరు, మిగతా దేశాల జాబితా వేరు. మ్యాక్స్ సి అనే కార్డు మా టీసీజీలో (ఆ మిగతా దేశాల వైపు ఆటలో) నిషేధం. జపాన్ వైపు మాత్రం ఏళ్ళ తరబడి దాదాపు ప్రతి డెక్‌లోనూ ఉంది. ఆ ఒక్క కార్డు భయంతో అక్కడ డెక్‌లు కట్టే తీరే మారిపోతుంది. అక్కడ తడబడిన డెక్ ఇక్కడ చెలరేగవచ్చు.

అలాగే సైడ్ డెక్, అంటే మ్యాచ్‌లో గేమ్‌కీ గేమ్‌కీ మధ్య మార్చుకోవడానికి పక్కన పెట్టుకునే కార్డులు. మాకూ 15 కార్డులే. మూడు గేమ్‌ల మ్యాచ్‌లో సైడ్ చేయకుండా ఆడేది మొదటి గేమ్ ఒక్కటే. మ్యాచ్ రెండు గేమ్‌లలో ముగిస్తే సగం, మూడు పడితే మూడింట రెండు వంతులు సైడ్ చేశాక ఆడినవే. అయినా జనం మొదటి గేమ్‌లే టెస్ట్ చేసి డెక్ బలం చెబుతారు. ఇది నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

ఆరోబహుమతి:
ఇది చదివాక ఒకటి తట్టింది. పోకేమాన్‌లో సైడ్ డెక్ లేదు. 60 కార్డులు రాసి ఇస్తే రోజంతా అవే. ఐరన్ థార్న్స్ లాంటి తాళం డెక్ మా దగ్గర అంత దూరం వెళ్ళగలగడానికి అదీ ఒక కారణం అనుకుంటాను. మొదటి గేమ్ చూసి రెండో గేమ్‌కి జవాబు తెచ్చుకునే దారి ఎదుటివాడికి లేదు.

జపాన్ ఫలితాల గురించి అన్నది మాకూ వర్తిస్తుంది. అక్కడ చాలా టోర్నమెంట్లలో ఒక్క గేమ్‌తోనే మ్యాచ్ తేలిపోతుంది. బయట మూడు గేమ్‌ల మ్యాచ్, 50 నిమిషాలు, తేలకపోతే టై, ఒకటే పాయింట్. అక్కడ బాగా ఆడిన నెమ్మది డెక్ ఇక్కడ టైలలో మునిగిపోతుంది. అక్కడ కొత్త సెట్ ముందు వస్తుంది కాబట్టి అందరం ఆ లిస్టులే చూస్తాం. లిస్టు తీసుకోవచ్చు, ఫలితం అలాగే దిగుమతి చేసుకోకూడదు.

పాతకాపు:
సైడ్‌బోర్డ్ (మ్యాజిక్‌లో సైడ్ డెక్‌కి పేరు) మాట వచ్చింది కాబట్టి 2019 బార్సిలోనా గుర్తు చేస్తాను. మోడర్న్ ఫార్మాట్ (ఎన్నో ఏళ్ళ పాత సెట్ల కార్డులూ వాడే విభాగం), మ్యాజిక్‌లో పై స్థాయి పోటీ అయిన మిథిక్ ఛాంపియన్‌షిప్. ఆ నెలలోనే బ్రిడ్జ్ ఫ్రమ్ బిలో అనే కార్డుని నిషేధించారు, హోగాక్ డెక్ అక్కడితో ఆగుతుందని. ఆగలేదు. బార్సిలోనాలో అందరికంటే ఎక్కువమంది తెచ్చిన డెక్ అదే, దాదాపు ఐదుగురిలో ఒకరు. అది గ్రేవ్‌యార్డ్ (వాడేసిన కార్డుల కుప్ప) మీద నడిచే డెక్ కాబట్టి, ఆ కుప్పని పనికిరాకుండా చేసే లేలైన్ ఆఫ్ ద వాయిడ్ కార్డుని జనం తెగ పెట్టుకుని వచ్చారు. సైడ్‌బోర్డ్‌లోనే కాదు, కొందరు మెయిన్ డెక్‌లోనే.

చివరికి గెలిచిన డెక్ ట్రాన్. దానికి గ్రేవ్‌యార్డ్‌తో పని లేదు. ఎదుటివాడి చేతిలో లేలైన్‌లు ఉన్నంతసేపు ట్రాన్‌కి అవి ఖాళీ కాగితాలతో సమానం. హోగాక్ కోసం అందరూ ఖర్చు పెట్టిన ఆ 15 సైడ్‌బోర్డ్ చోట్లలో ట్రాన్‌ని అడ్డుకునే కార్డులకు మిగిలినవి తక్కువ. ఆ గెలుపుకి కారణం అదొక్కటే అనను, ఆడినవాడి చెయ్యి కూడా గొప్పది. కానీ నేను అప్పటినుంచి ఒక ప్రశ్న తప్పకుండా వేసుకుంటున్నాను: అందరూ ఒక డెక్‌కి భయపడి సైడ్‌బోర్డ్ నింపుకుంటే, ఆ భయంలో ఏ డెక్‌ని మరిచిపోతారు?

హోగాక్ బలహీనమైనదని కాదు సుమా. ఆగస్టు 26న హోగాక్ కార్డునే నిషేధించాల్సి వచ్చింది.

కొత్తచేయి:
నిషేధం వచ్చిన వెంటనే జరిగే టోర్నమెంట్‌ని ఎలా అంచనా వేస్తారు? పాత లెక్కలన్నీ పోతాయి కదా.

పాతకాపు:
పోతాయి. అన్నిటికంటే కష్టమైనది అదే. 2016 జనవరిలో మోడర్న్‌లో స్ప్లింటర్ ట్విన్, సమ్మర్ బ్లూమ్ అనే కార్డులను నిషేధించారు. ఫిబ్రవరిలో అట్లాంటాలో ప్రో టూర్ అనే పై స్థాయి పోటీ. అదే సమయానికి కొత్త సెట్‌లో థాట్-నాట్ సీర్, రియాలిటీ స్మాషర్ వచ్చాయి. ఎల్డ్రాజి జీవులు. పాత సెట్ల నుంచి ఐ ఆఫ్ ఉగిన్, ఎల్డ్రాజి టెంపుల్ అనే ల్యాండ్‌లు (మానా, అంటే కార్డులు దింపడానికి పెట్టే ఖర్చు, సమకూర్చే కార్డులు) అప్పటికే ఉన్నాయి. ఐ ఆఫ్ ఉగిన్ ఎల్డ్రాజిలను రెండు మానా చౌక చేస్తుంది, టెంపుల్ వాటికోసం ఒకటికి బదులు రెండు మానా ఇస్తుంది. రెంటినీ కలిపితే రెండో టర్న్‌కే నాలుగో టర్న్ జీవి బల్ల మీద ఉంటుంది. టాప్ 8లో ఆరు డెక్‌లు ఎల్డ్రాజివే. మిగతా రెండు అఫినిటీ. ఏప్రిల్‌లో ఐ ఆఫ్ ఉగిన్‌ని నిషేధించారు.

ఆ వారం నాకు బాగా గుర్తుంది. బయట అందరం "ట్విన్ పోయింది కాబట్టి ఇప్పుడు ఏ పాత డెక్ లేస్తుంది" అని వాదించుకుంటున్నాం. ఒకరితో ఒకరికి సంబంధం లేని టీమ్‌లు తలుపులు వేసుకుని టెస్ట్ చేసి, వేరువేరు రూపాల్లో ఒకే చోటికి చేరాయి. మనం పోయినదాన్ని చూస్తూ కూర్చున్నాం, వాళ్ళు వచ్చినదాన్ని చూశారు. అప్పటినుంచి కొత్త సెట్ చూడగానే మంచి కార్డు ఏదని వెతకడం మానేశాను. ఏ కార్డుకి పాత సెట్లలో చవకగా దింపే తోడు ఉందో వెతుకుతాను. మానా చవకైపోయే చోట ఎప్పుడూ ఏదో ఒకటి పేలుతుంది. 2004లో అఫినిటీ కూడా ఆ దారినే వచ్చింది.

నిప్పుడెక్:
పాతకాపు అన్న మాటకి ఒకటి కలుపుతాను. ఇప్పుడు పై స్థాయి మ్యాజిక్ పోటీల్లో ఎదుటివాడి లిస్టు ముందే చూపిస్తారు. అలాంటి చోట "ఎవరూ ఊహించని కార్డు" మీద ఆధారపడే డెక్‌కి సగం బలం పోతుంది. లిస్టు చూపించని స్థాయిలో అదే డెక్ బాగా ఆడుతుంది. కాబట్టి ఎక్కడ జరుగుతోంది, ఏ స్థాయిది, లిస్టులు చూపిస్తారా లేదా అన్నది అంచనాకి ముందు తెలుసుకోవాలి. నా మొదటి సూత్రం కూడా లిస్టులు చూపించే చోట కొంచెం నీరసపడుతుందని ఒప్పుకుంటున్నాను.

చివరిరౌండ్:
ఇదంతా చదివి, నా మూడు కాగితాలూ తీసి మళ్ళీ చూశాను. రెండు తప్పులు స్పష్టంగా కనపడ్డాయి.

మొదటిది, మూడుసార్లూ ఎనిమిది వేరువేరు డెక్‌ల పేర్లు రాశాను. ఒకే డెక్ మూడుసార్లు రావచ్చన్న ఆలోచనే లేదు. ఆ మూడు టోర్నమెంట్లలోనూ బరిలో పెద్ద డెక్ టాప్ 8లో రెండు అంతకంటే ఎక్కువ చోట్లు తీసుకుంది. మాస్టారు చెప్పిన లెక్క ప్రకారం అలాగే జరగాలి కదా. నేను ప్రతిసారీ దానికి ఒక్క చోటే ఇచ్చాను.

రెండోది ఒప్పుకోవడానికి కాస్త బాధగా ఉంది. ఎనిమిదిలో ఎప్పుడూ రెండు మూడు నాకు నచ్చిన డెక్‌లే. వస్తాయని కాదు, రావాలని రాశాను.

లెక్కలమాస్టారు:
రెండో తప్పు పట్టుకోవడమే కష్టం, మీరు పట్టుకున్నారు. ఇకనుంచి పేర్ల జాబితా రాయకండి. ప్రతి డెక్ పక్కన అవకాశం రాయండి: "ఈ డెక్ టాప్ 8లో కనీసం ఒకటి ఉండే అవకాశం 70 శాతం", అలా. టోర్నమెంట్ అయ్యాక లెక్క కట్టండి. వచ్చిందనుకోండి, 1 లోంచి 0.7 తీసేసి వర్గం చేస్తే 0.09. రాకపోతే 0.7 వర్గం, 0.49. అన్నిటి సగటు తీయండి. తక్కువ ఉంటే మంచిది. ఏమీ తెలియక అన్నిటికీ 50 శాతం రాసేవాడికి ఎప్పుడూ 0.25 వస్తుంది. మీది దానికంటే కింద ఉంటే మీకు నిజంగా ఏదో తెలిసినట్టు.

ఈ పద్ధతిలో నచ్చిన డెక్‌కి 80 రాయాలంటే చెయ్యి ఆగుతుంది. నాకు ఆగింది. మొదటి ఏడాది నా సగటు 0.25 కంటే పైనే ఉండేది.

ఆరోబహుమతి:
ఎప్పుడు రాయాలన్నదీ ముఖ్యమే. నేను రెండుసార్లు రాస్తాను, వారం ముందు ఒకసారి, ముందురోజు రాత్రి ఒకసారి. ఆ మధ్యలో ఎంత మారిందో, ఆ మార్పు నన్ను దగ్గరికి తెచ్చిందా దూరం చేసిందా అని చూస్తాను. చివరి మూడు రోజుల్లో వినపడే గుసగుసలు నన్ను దాదాపు ప్రతిసారీ దూరమే చేశాయి. వారం ముందు రాసినదే మెరుగ్గా నిలబడింది. ఇది నా ఒక్కదాని అనుభవం, మీ అందరిదీ ఇలాగే ఉండాలని లేదు.

అదనపుడెక్:
నాది దీనికి తలకిందులు. యు-గి-ఓలో ఆఖరి రోజుల్లో జనం సైడ్ డెక్ మార్చేస్తారు, అది పట్టుకోకపోతే ఏమీ పట్టుకోలేం. మెయిన్ డెక్‌ల అంచనా వారం ముందుది, సైడ్ కార్డుల అంచనా ముందురోజుది వాడతాను.

కొత్తచేయి:
చివరిగా ఒకటి అడుగుతాను. ఐరన్ థార్న్స్ లాంటి విరుగుడు డెక్‌లకు ఎంత శాతం రాయాలి? పెద్ద డెక్‌కి అంటే వాటా చూసి రాస్తాను. ఇవి ఇద్దరు ముగ్గురే తెస్తారు కదా.

లెక్కలమాస్టారు:
ముందు ఎంతమంది తెస్తారో అనుకోండి. ఒక్కొక్కరు పైకి వచ్చే అవకాశం నా మొదటి లెక్కలోంచి తీసుకోండి. 60 శాతం బలం అనుకుంటే 32 శాతం. ముగ్గురూ కిందే ఆగిపోయే అవకాశం 0.68 ని మూడుసార్లు గుణిస్తే 31 శాతం. అంటే కనీసం ఒకరు పైకి వచ్చే అవకాశం 69. ఇది మొత్తం బరి మీద దాని బలం 60 ఉన్నప్పటి మాట. విరుగుడు డెక్‌లకు అంత బలం ఉండటం అరుదు. పెద్ద డెక్‌ని చిత్తు చేస్తాయి, మిగతావాటి దగ్గర తడబడతాయి. 52 అనుకోండి. అప్పుడు ఒక్కొక్కరికి సుమారు 17, ముగ్గురిలో కనీసం ఒకరికి 43. నేనైతే 40 దగ్గర రాస్తాను.

పాతకాపు:
కొత్తచేయి, దానికి ముందు ఇంకో పని ఉంది. ఆ డెక్‌ని నువ్వు ఒకసారి పెద్ద డెక్ కాని వాటితో ఆడు. విరుగుడు డెక్‌లన్నీ తనకు నచ్చిన ప్రత్యర్థి ముందు గొప్పగానే కనపడతాయి. మిగతా బరి ముందు ఎలా ఉందో చూశాక మాస్టారు లెక్కలో 52 పెట్టాలో 47 పెట్టాలో నీకే తెలుస్తుంది.

చివరిరౌండ్:
వచ్చే టోర్నమెంట్ కోసం రాయడం మొదలుపెట్టాను. వారం ముందు లెక్క ఇక్కడే పెడతాను, తర్వాత మార్చను. ఇప్పటికి రాసినంతవరకు: బరిలో పెద్ద డెక్ కనీసం రెండు చోట్లు తీసుకునే అవకాశం 75, కొట్టే డెక్ కనీసం ఒకటి 60, నాకు ఇష్టమైన నెమ్మది కంట్రోల్ డెక్ 20. ఆ 20 రాసేటప్పుడు మాస్టారు చెప్పినట్టే చెయ్యి ఆగింది, 35 రాసి కొట్టేశాను. పాతకాపు అన్నా, నీ ప్రశ్న ఒకటి మాత్రం ఇంకా ఖాళీగా ఉంది: అందరూ ఏ డెక్‌ని మరిచిపోయారు? ఈ వారమంతా దానిమీదే ఆడతాను. ఎవరికైనా ఏదైనా తడితే చెప్పండి, కలిసి టెస్ట్ చేద్దాం.

నిప్పుడెక్:
నాకు రెండు డెక్‌ల మీద అనుమానం ఉంది. రేపు సాయంత్రం ఇద్దరం కూర్చుందాం. మొదటి గేమ్‌లు వదిలేసి, సైడ్‌బోర్డ్ వేశాక ఆడే గేమ్‌లే ముప్పై ఆడదాం.